పాడి పశువును కొనేముందు: ఆకారం ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ ప్రాంతాల్లో పాడి పశువును కొనదలచుకున్న రైతుకు సాధారణంగా మూడు దారులు ఉంటాయి: ఊళ్లోనే తెలిసిన ఇంటి నుంచి కొనడం, వారపు సంతకు వెళ్లడం, లేదా సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలోని నారాయణవలస వంటి పెద్ద పశువుల సంత నుంచి తెచ్చుకోవడం. మొదటి దారిలో ఆ పశువు తల్లి ఎన్ని పాలిచ్చింది, ఇది ఎన్ని ఈతలు ఈనింది, పొదుగువాపు ఎప్పుడైనా వచ్చిందా అని ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవచ్చు. మిగిలిన రెండు దారుల్లో అమ్మేవాడి మాట తప్ప మరో సాక్ష్యం ఉండదు కనుక, కొనేవాడు పశువు శరీరాన్నే చదువుకోవలసి వస్తుంది.

శరీరం మీద కనిపించేవన్నీ ఒకే విలువ గలవి కావు. కొన్ని లక్షణాలకు పాల దిగుబడితో నేరుగా సంబంధం ఉంది. కొన్ని లక్షణాలు ఆ దిగుబడి ఎన్ని ఈతల పాటు నిలుస్తుందో తెలియజేస్తాయి. మరికొన్ని తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నవే గాని పాలతో ఏ సంబంధమూ లేనివి. పశువుకూ పశువుకూ పాలలో కనిపించే తేడాలో సాధారణంగా 25 నుంచి 30 శాతం మాత్రమే పుట్టుకతో వచ్చేది; మిగిలినదంతా మేత, ఆరోగ్యం, ఈత, సాకే తీరు మీద ఆధారపడుతుంది. కాబట్టి ఆకారం చూసి లీటర్లు చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు. ఆకారం చేయగలిగిన మేలు, సంతలోని పది పశువుల్లో ఏడింటిని పక్కన పెట్టించడం. మిగిలిన మూడింటిలో ఏది కొనాలన్నది పాలు పితికి తేల్చుకోవలసిందే.

చూపు మొదలుపెట్టే ముందు తెలియవలసినవి

పోలిక ఒకే జాతి పశువుల మధ్యనే చెల్లుతుంది. గంజాం జిల్లా వైపు కనిపించే ఘుముసరి ఆవు చిన్నది, ప్రధానంగా దుక్కి పనికి పనికివచ్చే జాతి. దానిని జెర్సీ సంకర ఆవు పక్కన నిలబెట్టి పొదుగు చిన్నదని తప్పుపట్టడం న్యాయం కాదు. కలహండి గేదెనే పెద్దకిమిడి గేదె అని కూడా అంటారు. అది రోజుకు రెండు మూడు లీటర్లే ఇచ్చినా కొండవాలు మేతతో, గట్టి ఎండలో నెగ్గుకొస్తుంది. మైదానం నుంచి వచ్చే ముర్రా జాతి గేదె దానికి రెట్టింపు ఇవ్వగలదు గాని, ఆ మేరకు మేత, నీరు, నీడ కోరుతుంది. ఇంట్లో ఉన్నది వరిగడ్డి, చోడిగడ్డి మాత్రమే అయితే ఏ జాతి కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

తరువాత వయసు చూడాలి. పశువుకు పై దవడలో ముందు పళ్లు ఉండవు; కింది దవడలో ఎనిమిది ఉంటాయి. ఆవుకు సుమారు రెండేళ్ల వయసులో మధ్యనున్న రెండు పాలపళ్లు ఊడి వెడల్పాటి శాశ్వత పళ్లు వస్తాయి. ఆ తరువాత జత వెంట జత మారుతూ నాలుగు, నాలుగున్నరేళ్లకు నోరు నిండుతుంది. గేదెల్లో ఇది మరికొంత ఆలస్యమవుతుంది. రెండు పళ్ల మీద ఉన్న ఆవును మూడో ఈతది అని ఎవరైనా చెబితే బేరం అక్కడితో ఆపేయవచ్చు. కొమ్ముల మీది వలయాలను లెక్కపెట్టే పాత పద్ధతి కూడా ఉంది గాని, కొమ్ములను ఆకురాయితో రుద్ది నూనె రాసి నునుపు చేయడం సంతల్లో మామూలే కనుక, పళ్ల సాక్ష్యమే గట్టిది.

ఈతను ఎందుకు ఇంతగా పట్టించుకోవాలంటే, తొలిచూలు ఆవు తన పూర్తి శక్తిలో సుమారు 70 నుంచి 75 శాతమే పాలిస్తుంది. మూడో ఈత నుంచి ఐదో ఈత వరకు దిగుబడి శిఖరాన ఉంటుంది. అందువల్ల ఆరు లీటర్లిచ్చే తొలిచూలు ఆవు, ఏడు లీటర్లిచ్చే నాలుగో ఈత ఆవు కంటే మంచి కొనుగోలు కావచ్చు. ఈనిన రోజుల లెక్క కూడా ఇంతే ముఖ్యం. ఈనిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య పాలు గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి నెల నెలకూ తగ్గుతూ పోతాయి. ఈని పది రోజులైందని చెప్పే ఆవు వెంట ఉన్న దూడకు బొడ్డు పూర్తిగా మానిపోయి, అది పక్కనున్న గడ్డిపోచలను నమిలి నెమరు వేస్తున్నదంటే, ఆ పది రోజుల మాటలో నిజం లేదు, లేదా ఆ దూడ దానిది కాదు. దూడను వదిలి కాస్త దూరంగా నిలబడి చూడాలి. కన్నతల్లి దూడను వాసన చూసి నాకుతుంది, దూడ మూతి తగలగానే కాళ్లు ఎడం చేసి నిలబడుతుంది. అద్దె దూడనైతే పక్కకు నెట్టడమో, తన్నడమో చేస్తుంది.

పది అడుగుల దూరం నుంచి

పశువు దగ్గరకు వెళ్లకముందే పక్క నుంచి, వెనక నుంచి, వీలైతే మీది నుంచి చూడాలి. పాడి ఆవు పక్క నుంచి చూస్తే మెడ వైపు సన్నగా మొదలై పొదుగు వైపు లోతు పెరుగుతూ పోతుంది. ముందు నుంచి చూస్తే మూపు దగ్గర సన్నగా, రొమ్ము కింద వెడల్పుగా ఉంటుంది. మీది నుంచి చూస్తే భుజాల కంటే తుంటి ఎముకల మధ్య వెడల్పు ఎక్కువ. మెడ లావుగా, భుజాలు కండపట్టి, తొడలు లోపలి వైపు కూడా నిండుగా ఉన్న ఆవు చూపుకు దిట్టంగా కనిపించినా, తిన్న మేతను పాలలోకి కాక ఒంటిలోకి మళ్లించే స్వభావం గలదిగా అనుమానించాలి. తొడల మధ్య ఖాళీ లేకపోతే పొదుగు వెడల్పుగా పెరగడానికి చోటు కూడా ఉండదు.

పక్కటెముకలను చేత్తో తడిమి చూడడం చాలామంది మరచిపోయే పని. మంచి పాడి ఆవుకు అవి చదునుగా, వెనక్కి వాలి, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. చివరి రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. అక్కడే చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో పట్టి లాగితే పలుచగా, మెత్తగా సాగి, వదలగానే జారిపోవాలి. మందంగా, ఎముకకు అంటుకుపోయినట్టున్న చర్మం మంచి సూచన కాదు. అయితే చిక్కి నీరసించిన పశువుకు కూడా చర్మం బిగుసుకుపోతుంది కాబట్టి దీనినొక్కదానినే పట్టుకుని తీర్పు చెప్పరాదు.

పొట్ట విషయంలో ఈ ప్రాంతపు రైతుకు ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. మన మేతలో ఎక్కువ భాగం గడ్డి. పోషకం తక్కువ, పరిమాణం ఎక్కువ. అటువంటి మేత తిని పాలివ్వాలంటే పెద్ద కడుపు కావాలి. కాని లోతు పక్కటెముకల వల్ల రావాలి, కిందికి వేలాడే పొట్ట వల్ల కాదు. పురుగులున్న పశువుకు కూడా పొట్ట వేలాడుతుంది, కాని దాని వెన్ను పదునుగా తేలి, వెంట్రుక మొరటుగా నిక్కి ఉంటుంది. మరో చిన్న మోసాన్ని కూడా గమనించాలి: సంతకు తెచ్చే ముందు ఉప్పు నాకించి, కుడితి కడుపారా పట్టిస్తే డొక్క గుంట కనిపించకుండా నిండిపోతుంది. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ చూస్తే అసలు ఆకారం బయటపడుతుంది. మూతి వెడల్పుగా, ముక్కుపుటాలు విచ్చుకుని, దవడ గట్టిగా ఉంటే తిండిపుష్టి గల పశువని అర్థం.

ఒళ్లు ఎంత ఉండాలి అన్నది ఎప్పుడూ వచ్చే చిక్కే. ఈని నెలన్నర, రెండు నెలలైన మంచి ఆవు కొంత చిక్కి ఉండడం సహజం. ఒంటిలోని కొవ్వును కరిగించి పాలిస్తున్న సమయమది. చివరి పక్కటెముకలు రెండు మూడు కనిపించినా, కంటిలో కాంతి, వెంట్రుకలో నిగనిగ ఉంటే భయపడనవసరం లేదు. ఆ సమయంలో గుండ్రంగా, కొవ్వు పట్టి నిగనిగలాడుతున్న ఆవును చూస్తేనే నాకు అనుమానం.

పొదుగు: నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి

అమెరికాలో పాడి పశువుల పోటీల్లో వాడే మార్కుల పట్టీలో 100కి 40 మార్కులు పొదుగుకే కేటాయించారు. మన సంతలోనూ అందరి చూపూ ముందుగా అక్కడికే పోతుంది, అందుకే మోసం కూడా అక్కడే ఎక్కువ. పొదుగును నిండుగా ఉన్నప్పుడు మాత్రమే చూసి బేరం కుదుర్చుకునేవారు చూడవలసిన దానిలో సగం కూడా చూడనట్టే.

ముందుగా వెనక నుంచి చూడాలి. పశువు వెనక కాస్త దూరంలో గొంతుకూర్చుని, పొదుగు వెనక భాగం ఎంత ఎత్తున మొదలవుతున్నదో గమనించాలి. యోని కింది అంచుకూ, పొదుగు మొదలయ్యే చోటుకూ మధ్య దూరం తక్కువగా ఉంటే పొదుగుకు స్థలం ఎక్కువ ఉన్నదని అర్థం. అది పై భాగంలో వెడల్పుగా ఉండాలి. కింద మాత్రమే ఉబ్బి పైన సన్నబడితే పట్టు బలహీనం. నాలుగు భాగాల్లో వెనక రెండూ కలిసి సుమారు 60 శాతం పాలిస్తాయి కాబట్టి వెనక పొదుగు ఎత్తు, వెడల్పులకు అంత ప్రాధాన్యం.

తరువాత నడిమి గాడి. కుడి, ఎడమ భాగాల మధ్య ఒక గాడి స్పష్టంగా కనిపించాలి. పొదుగు బరువును లోపలి నుంచి మోసే బంధనం ఆ గాడి వెంట ఉంటుంది. అది సడలితే గాడి చదునైపోయి, పొదుగు కిందికి జారి, చన్నులు పక్కలకు తిరుగుతాయి. అలా జారిన పొదుగు నడిచేటప్పుడు కాళ్లకు కొట్టుకుంటుంది, ముళ్లకు గీసుకుంటుంది, బురదకు తగిలి పొదుగువాపు తెచ్చుకుంటుంది. పొదుగు అడుగు భాగం వెనక కాలు మడతపడే కీలుకు పైన ఉండాలి. నాలుగైదు ఈతలు దాటిన పశువుకు కీలు మట్టానికి దిగినా సరిపెట్టుకోవచ్చు గాని, తొలిచూలులోనే అక్కడికి దిగితే వద్దనుకోవడమే మంచిది. ఇక్కడ ఒక వాస్తవం కూడా చెప్పాలి: ఎక్కువ పాలిచ్చే ఆవుల పొదుగు సహజంగానే కొంత లోతుగా ఉంటుంది. మూడో ఈతలో కూడా పొట్టకు అంటుకుపోయినంత చిన్న పొదుగు చూపుకు ముచ్చటగా ఉన్నా పాత్ర నింపదు. పక్క నుంచి చూసినప్పుడు ముందు పొదుగు పొట్టతో సాఫీగా కలిసిపోవాలి. మధ్యలో పిడికిలి పట్టేంత సందు ఉంటే ఆ పట్టు సడలినట్టే.

ఇక చేతి పని. పాలు పితకకముందు నాలుగు భాగాలనూ అరచేత్తో నిమరాలి. తొలిచూలు పశువుకు ఈనిన కొత్తలో పొదుగుకు నీరు దిగి పెద్దదిగా కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడి, నెమ్మదిగా నిండుతుంది. ఆ పరిమాణం పాలది కాదు, నీటిది. అది కొన్నాళ్లకు తగ్గిపోతుంది, దోషం కాదు, కాని ధర కట్టేటప్పుడు దానిని పాలుగా లెక్కించరాదు. ఇదంతా చేస్తుండగా దళారి ఊరుకోడు. "పూటకి ఆరు లీటర్లు బాబూ, పొదుగు చూడండి, ఇంకా తడమడమేటి?" అంటాడు. తడుముతూనే ఉండాలి.

పాలు పూర్తిగా పితికిన తరువాత మళ్లీ చూడడం అసలు పరీక్ష. గ్రంథులతో నిండిన మంచి పొదుగు ఖాళీ అయ్యాక పిండిన గుడ్డలా ముడతలు పడి, చర్మం వదులై, చేతికి మెత్తగా తగులుతుంది. కండ ఎక్కువ, గ్రంథులు తక్కువ ఉన్న పొదుగు పితికాక కూడా దాదాపు అంతే పెద్దదిగా, గట్టిగా ఉంటుంది. ఇంత పెద్ద పొదుగుకు ఇంత తక్కువ పాలేమిటని కొన్నవారు తరువాత విస్తుపోయేది ఇటువంటి పశువుల విషయంలోనే. ఖాళీ పొదుగులో వేళ్లతో లోతుగా తడిమినప్పుడు ఒకచోట గడ్డలా గట్టిగా తగిలితే, అది పాత పొదుగువాపు మిగిల్చిన మచ్చ. ఆ భాగంలో పాలిచ్చే కణజాలం నశించింది, మళ్లీ రాదు.

చన్నులు నాలుగూ సమాన దూరంలో, తిన్నగా కిందికి, ఆవుకు సుమారు ఐదారు సెంటీమీటర్ల పొడవున ఉండాలి. మన దగ్గర చేత్తోనే పితుకుతారు కనుక మరీ పొట్టి చన్నులు పితికేవారి వేళ్లను బాధిస్తాయి. సీసాలా ఉబ్బిన లావు చన్నులు దూడ నోటికి అందవు, సులువుగా గాయపడతాయి. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలను నల్లటి గుడ్డ మీద పితికి చూస్తే విరుగుడు ముక్కలు, పీచు, రక్తపు చారలు ఉంటే కనిపిస్తాయి. ఒక చన్ను ధార మిగిలినవాటి కంటే సన్నగా వస్తే కారణం అడగాలి. మూసుకుపోయిన చన్ను ఒకటి ఉంటే నాలుగో వంతు ధర తగ్గిస్తానని అమ్మేవాడు అనవచ్చు. అటువంటి పశువును తీసుకోకపోవడమే నా సలహా, ఎందుకంటే ఒక భాగాన్ని పాడుచేసిన జబ్బు పక్క భాగాలకూ పాకే ప్రమాదం ఉంది.

పూట పాలు పితకకుండా ఆపి పొదుగు నింపడం సంతల్లో ఎక్కువగా జరిగే మోసం. అటువంటి పశువు కాళ్లు ఎడంగా పెట్టి అసౌకర్యంగా నిలబడుతుంది, పొదుగు చర్మం బిగిసి మెరుస్తుంది, చన్నులు పక్కలకు విచ్చుకుంటాయి, చుక్క చుక్కగా పాలు కారుతూ ఉండవచ్చు. ఇందువల్ల కొనేవాడి లెక్క తప్పడమే గాక పశువుకు పొదుగువాపు కూడా రావచ్చు.

పొట్ట కింద పొదుగు నుంచి ముందుకు పాకే పాలనరం గురించి చాలా గొప్పగా చెబుతారు. ఒక లీటరు పాలు తయారు కావడానికి పొదుగు గుండా 400 నుంచి 500 లీటర్ల రక్తం ప్రవహించాలి కనుక, లావైన నరం ఎక్కువ పాలకు గుర్తన్న ఊహ సహజమే. కాని పొదుగు నుంచి రక్తం తిరిగి పోయే దారుల్లో అది ఒకటి మాత్రమే. పైగా వయసుతో, ఈతలతో అది లావెక్కి వంకర్లు తిరుగుతుంది. ఒకే ఈతలో ఉన్న రెండు ఆవుల్లో నరం స్పష్టంగా ఉన్నదానివైపు కాస్త మొగ్గవచ్చు. ముసలి ఆవు నరాన్ని చూసి తొలిచూలు ఆవును తిరస్కరించడం తగదు.

కాళ్లు, వెనక భాగం

ఇవి పాలను పెంచవు. పశువు ఎన్నేళ్లు కొట్టంలో నిలుస్తుందో చెబుతాయి. గట్టి నేల మీద ఇరవై అడుగులు నడిపించి చూడాలి. వెనక నుంచి కాళ్లు నిటారుగా, సమాంతరంగా కనిపించాలి. కీళ్లు లోపలికి తగులుకుంటూ నడిచే పశువు పొదుగును నలిపేస్తుంది. గిట్టలు పొట్టిగా, మడమ ఎత్తుగా ఉండాలి. తోక మొదట ఇరుపక్కల ఉండే ఎముకల మధ్య వెడల్పు ఉండి, అవి తుంటి ఎముకల కంటే కొద్దిగా కిందికి ఉంటే ఈత సులువుగా జరుగుతుంది. కొండ దారిన మేతకు పోయే పశువు అయితే ఈ భాగానికి ఇంకొంచెం ఎక్కువ మార్కులు వేయాలి.

సుడులు, తోక, రంగు

వీపు మీది సుడి ఎక్కడుంది, తోక కుచ్చు నేలకు తగులుతున్నదా, నుదుట చుక్క ఉందా అన్నవాటికి మన వైపు ధరలో వందలు వేలు మారిపోతుంటాయి. ఇది మన ఒక్కరి బలహీనత అనుకోనవసరం లేదు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సువా గెనాన్ అనే ఫ్రెంచివాడు, పొదుగు వెనక తొడల మధ్య వెంట్రుకలు పైకి తిరిగి పెరిగే మచ్చ ఆకారాన్ని బట్టి ఆవు ఎన్ని పాలిస్తుందో చెప్పవచ్చని వాదించాడు. ఆ పద్ధతి ఐరోపాలోనూ అమెరికాలోనూ చాలాకాలం ప్రచారంలో ఉంది. తరువాత పాలను కొలిచి సరిచూసినప్పుడు అది నిలబడలేదు. వెంట్రుక తిరిగే దిక్కుకూ పాల గ్రంథికీ సంబంధం లేదు. రంగు జాతిని గుర్తించడానికి కొంత పనికివస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. ఇంట్లో పెద్దలకు ఫలానా సుడి ఇష్టం లేకపోతే ఆ పశువును వదిలేయవచ్చు, అది ఇంటి సౌమనస్యానికి సంబంధించిన విషయం. కాని మంచి సుడి ఉన్నదని అదనంగా డబ్బు పెట్టకూడదు. అదే సుడి కారణంగా ఎవరూ ముట్టుకోని మంచి పొదుగు గల ఆవు తక్కువ ధరకు దొరికితే, దానిని తీసుకోవడం తెలివైన పని.

పితికి చూడడం

ఎంపిక చేసుకున్న రెండు మూడు పశువులను పితికి చూడాలి. సరైన పద్ధతి ఇది: మొదటి సాయంత్రం మీ ఎదుటే పొదుగు పూర్తిగా ఖాళీ చేయించి, ఆ పాలను లెక్కలోకి తీసుకోకూడదు. మరునాటి ఉదయం, సాయంత్రం పితికిన పాలు కలిపితే రోజు దిగుబడి వస్తుంది. నురుగు అణిగాకే కొలవాలి. తూకం వేస్తే ఇంకా మంచిది, లీటరు పాలు 1.03 కిలోల వరకు తూగుతాయి. సంతలో ఇంతసేపు ఆగడం కుదరదు కనుక, పశువు ఊరు దగ్గరదైతే బయానా ఇచ్చి వారి కొట్టానికి వెళ్లి చూడడం మేలు. దానికి ఒప్పుకోని అమ్మకందారు ఏదో దాస్తున్నాడని అనుకోవచ్చు.

పితికేటప్పుడు పశువు చేపే తీరును, అంటే పాలను చన్నుల్లోకి దింపే తీరును గమనించాలి. పాలను కిందికి దింపే హార్మోను ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి ఐదు నుంచి ఎనిమిది నిమిషాల్లో పితకడం పూర్తి కావాలి. కొత్త చోట, కుక్కల అరుపుల మధ్య బెదిరిన పశువు చేపదు. దానిని వెంటనే తప్పుపట్టకుండా ఇంకో పూట చూడాలి. దూడను వదలకుండా, పొదుగు నిమరకుండా, ఎక్కడికో తీసుకెళ్లి తెచ్చిన వెంటనే ధారగా పాలు కారిపోతుంటే మాత్రం ఇంజెక్షను ఇచ్చారేమోనని సందేహించాలి. ఆరోగ్యానికి హాని చేసేలా పాల కోసం ఇంజెక్షన్లు ఇవ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం నేరం. పైగా ఆ అలవాటు పడిన పశువు ఇంటికి వచ్చాక మామూలుగా చేపడానికి మొరాయిస్తుంది.

వచ్చిన అంకెను ఈనిన రోజులతో కలిపి చదవాలి. సంకర ఆవుల్లో గరిష్ఠ దిగుబడిని 200తో గుణిస్తే మొత్తం ఈత పాలు సుమారుగా తెలుస్తాయి: ఈని ఆరు వారాలైన ఆవు రోజుకు 9 లీటర్లు ఇస్తుంటే ఈతకు సుమారు 1,800 లీటర్లు. అదే 9 లీటర్లు ఆరో నెలలో ఇస్తున్న ఆవు దాని కంటే చాలా గొప్పది. పాలు కేంద్రానికి పోసేవారు వెన్నను కూడా లెక్కించాలి, ఎందుకంటే ధర వెన్న, ఇతర ఘనపదార్థాల శాతాన్ని బట్టి వస్తుంది. హోల్‌స్టీన్ సంకరానికి లీటర్లు ఎక్కువ, వెన్న తక్కువ. జెర్సీ సంకరం దానికి భిన్నం. గేదె పాలలో వెన్న 7 శాతం వరకు ఉంటుంది.

గేదెల విషయంలో తేడాలు

పైన చెప్పినవి చాలావరకు గేదెలకూ వర్తిస్తాయి, కాని పొదుగు నిర్మాణంలో ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఆవు పొదుగులో సుమారు 20 శాతం పాలు కింది తిత్తిలో ముందే దిగి ఉంటాయి. గేదెలో ఇది 5 శాతమే, మిగిలినదంతా పైన సూక్ష్మమైన గ్రంథుల్లో నిలిచి, చేపిన తరువాతే దిగుతుంది. అందువల్ల చేపకముందు గేదె పొదుగు చిన్నదిగా, చన్నులు వదులుగా కనిపించినా నిరాశపడకూడదు. దూడను వదిలాక రెండు మూడు నిమిషాలు ఆగి, చన్నులు నిండి బిగుసుకోవడం చూడాలి. ముర్రా గేదెకు వెనక చన్నులు ముందువాటి కంటే పొడవుగా ఉండడం జాతి లక్షణం, దోషం కాదు. నల్లటి మందపాటి చర్మం కింద వాపు, ఎరుపు కంటికి కనిపించవు కనుక తడిమి చూసే పని ఇక్కడ మరింత శ్రద్ధగా చేయాలి. ఒక భాగం మిగిలినవాటి కంటే వేడిగా తగిలితే పొదుగువాపు మొదలైందని అనుమానించాలి.

పెయ్యలను, పడ్డలను ఎంచుకోవడం

పొదుగే లేని వయసులో ఆకారం చెప్పేది చాలా తక్కువ. వయసుకు తగిన ఎదుగుదల, వెడల్పాటి వెనక భాగం, తిన్నని కాళ్లు, ఎడంగా అమరిన నాలుగు చిన్న చన్నులు చూడాలి. అదనపు చన్ను ఉంటే చిన్నతనంలోనే పశువైద్యుని చేత తీయించవచ్చు. ఎదకు రాకముందే బాగా కొవ్వు పట్టిన పెయ్య ముద్దుగా ఉంటుంది గాని, ఆ వయసులో పొదుగులో కొవ్వు చేరితే పాల గ్రంథులు పెరగవలసినంత పెరగవు. కాబట్టి తవుడు, తెలగపిండి అతిగా పెట్టి నిగనిగలాడించిన పెయ్యకు అదనపు ధర పెట్టనవసరం లేదు.

ఇక్కడ తల్లి దిగుబడి, కృత్రిమ గర్భధారణకు (సూదికి) వాడిన ఆబోతు వివరాలే ఆకారం కంటే నమ్మదగినవి. చెవికున్న పసుపు ట్యాగు మీది 12 అంకెల సంఖ్య దేశమంతటికీ ఒకే పద్ధతిలో ఉంటుంది. ఒడిశాలో వేసినదైనా ఆంధ్రలో వేసినదైనా, ఆ సంఖ్యతో దగ్గరి పశువైద్యశాలలో టీకాలు, కృత్రిమ గర్భధారణ నమోదైందేమో అడిగి చూడవచ్చు. చెవికి ట్యాగు చింపేసిన రంధ్రం మాత్రమే ఉంటే ఆ పశువు చరిత్రను ఎవరో చెరిపేయదలచారని గ్రహించాలి. పెయ్య ఒంటరిగా పుట్టిందా, కవలల్లో ఒకటా అని కూడా అడగాలి. కోడెదూడతో కలిసి పుట్టిన పెయ్యల్లో 90 శాతానికి పైగా గొడ్డుమోతులవుతాయి. పొదుగు చోట చన్నులు ఎంత చక్కగా అమరినా అవి ఈనవు. అటువంటి పెయ్యను చవకగా ఇస్తామన్నా, పశువైద్యుడు పరీక్షించి చెప్పేవరకు డబ్బు చేతికి ఇవ్వరాదు.